కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడా? నెల ఇంజెక్షన్ వేయించాక ఇంట్లోవాళ్ళు ఏం చూడాలి, ఏం చేయాలి

"కాలు కాలిన పిల్లిలా ఆ తిరుగుడేందిరా, కాసేపు కూర్చో" అని మా అమ్మ ఆ వారమంతా తమ్ముణ్ణి కసురుతూనే ఉంది. మానసిక జబ్బుకి నెలకోసారి వేసే ఇంజెక్షన్ వేయించి అప్పటికి ఆరో రోజు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వసారాలోకి, మళ్ళీ హాల్లోకి. అన్నానికి కూర్చుంటే రెండు ముద్దలు తిని లేచేవాడు. మిగతాది కంచం చేత్తో పట్టుకుని నడుస్తూ తినేవాడు. ఒక రాత్రి రెండింటికి నాకు మెలకువ వచ్చి చూస్తే గోడ పక్కన నిలబడి, ఈ కాలి మీద కాసేపు, ఆ కాలి మీద కాసేపు బరువు మారుస్తున్నాడు. "నిద్ర రావట్లేదా చిన్నా?" అన్నాను. "వస్తోందక్కా. కాళ్ళే పడుకోనివ్వట్లేదు" అన్నాడు. కాసేపాగి, కరెంటు పోయిందని చెప్పినంత మామూలుగా, "ఇలాగే ఉంటే బతకడం నా వల్ల కాదు" అన్నాడు.

జబ్బు తిరగబెట్టిందనుకున్నాం. మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్ళి "మళ్ళీ మొదలైంది సార్, ఒకచోట ఉండట్లేదు, మాట వినట్లేదు" అని చెప్పాం. కాళ్ళ సంగతి చెప్పలేదు. రాత్రి వాడన్న మాట అసలే చెప్పలేదు, చెబితే అడ్మిట్ చేస్తారని అమ్మ భయం. మేం చెప్పింది విని మందు డోసు పెంచారు. ఆ తర్వాతి పది రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ కడుపులో తిప్పుతుంది. చివరికి ఇంకో డాక్టరుగారు వాణ్ణి కుర్చీలో రెండు నిమిషాలు కూర్చోబెట్టి, రెండు నిమిషాలు నిలబెట్టి, "లోపల ఎలా ఉంది బాబూ?" అని ఒక్క ప్రశ్న అడిగి, ఇది జబ్బు కాదు, మందు వల్ల వచ్చిన అకతీసియా, అంటే ఒకచోట నిలవనివ్వని బాధ అన్నారు.

నేను డాక్టర్ని కాదు, నర్సునీ కాదు. పదకొండేళ్ళుగా తమ్ముడి ఇంజెక్షన్ తేదీలు క్యాలెండర్లో గుర్తుపెట్టుకుంటున్న అక్కని. మొదటి ఇంజెక్షన్‌కి ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించినవన్నీ ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది చదివి ఇంజెక్షన్ మాన్పించకండి. మాత్రలు దిండు కింద దాచే ఇళ్ళకి నెలకోసారి ఇంజెక్షన్ ఎంత ఊరటో నాకు తెలుసు. మా వాడు ఇప్పటికీ వేయించుకుంటున్నాడు, మందు మార్చాక. మందు ఒక్కసారిగా ఆగిపోతే జబ్బు తిరగబెడుతుంది, ఆత్మహత్య ప్రమాదమూ పెరుగుతుంది. స్కిజోఫ్రీనియా (భ్రమలు, లేని గొంతులు వినబడటం ఉండే మానసిక జబ్బు) ఉన్నవాళ్ళలో జీవితకాలం మొత్తం మీద నూటికి సుమారు 5 మంది ఆత్మహత్యతోనే చనిపోతారని వైద్యుల అంచనా. జబ్బు మొదలైన తొలి ఏళ్ళలో, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన తొలి వారాల్లో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. మొదటి నెల ఇంజెక్షన్ వేసి ఇంటికి పంపేది కూడా తరచుగా సరిగ్గా ఆ రోజుల్లోనే. అందుకే ఆ వారాల్లో కళ్ళు తెరుచుకుని ఉండాలి.

1. ఇంజెక్షన్‌కి ముందు: సీసా మీద పేరు చదవండి

"నెల ఇంజెక్షన్" అనేది మందు పేరు కాదు. వేసే ముందు సీసాకో పెట్టెకో ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. పేరు, మిల్లీగ్రాములు కనబడాలి. మన ప్రభుత్వాసుపత్రుల్లో ఎక్కువగా కనిపించేవి ఫ్లూఫినజిన్ డెకనోయేట్, హాలోపెరిడాల్ డెకనోయేట్. ఫ్లూపెంథిక్సాల్, జూక్లోపెంథిక్సాల్ కూడా ఇలాంటి పాత తరం మందులే. కొత్తవాటిలో రిస్పెరిడోన్, పాలిపెరిడోన్, అరిపిప్రజోల్, ఒలాంజపిన్ ఉన్నాయి. కాళ్ళు నిలవనివ్వకపోవడం, బిగుసుకుపోవడం పాతవాటితో ఎక్కువ. కొత్తవాటితో రాదని మాత్రం కాదు, అరిపిప్రజోల్‌తో బాగానే వస్తుంది.

పేరు ఎందుకంటే, ఏ రోజుల్లో జాగ్రత్తగా ఉండాలో పేరే చెబుతుంది. ఫ్లూఫినజిన్ రక్తంలో మొదటి ఒకటి రెండు రోజుల్లోనే ఎక్కువ స్థాయికి చేరుతుంది. హాలోపెరిడాల్ డెకనోయేట్ మెల్లగా పెరిగి సుమారు ఆరో రోజుకి, నెల పాలిపెరిడోన్ సుమారు పదమూడో రోజుకి. మా వాడు ఆరో రోజున పిల్లిలా తిరగడం వెనక ఈ లెక్క ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

డెకనోయేట్ అని పేరు చివర ఉన్న ఫ్లూఫినజిన్, హాలోపెరిడాల్ మందుల్ని నువ్వుల నూనెలో కలిపి ఇస్తారు. నువ్వులు పడనివాళ్ళయితే ముందే చెప్పండి. ఆ నూనె కండలో ఒకచోట నిలవ ఉండి రోజూ కొంచెం కొంచెం మందు వదులుతుంది. దీని సుఖమూ అదే, చిక్కూ అదే. మాత్ర పడకపోతే రేపట్నుంచి ఆపేయొచ్చు. ఒంట్లోకి వెళ్ళిన ఇంజెక్షన్ని వెనక్కి లాగలేం. హాలోపెరిడాల్ డెకనోయేట్ ఒంట్లో సగానికి తగ్గడానికే మూడు వారాలు పడుతుంది.

కాబట్టి డాక్టర్ని తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇది: "ఇదే మందు మాత్ర రూపంలో ఇచ్చి, పడిందో లేదో చూశారా సార్?" మాత్రతోనో, చిన్న డోసు ఇంజెక్షన్‌తోనో ముందు పరీక్షించి చూడటం పద్ధతి. గతంలో ఏ ఇంజెక్షన్‌కైనా మెడ వంకరపోవడం, నాలుక మడతపడటం జరిగి ఉంటే అది చెప్పండి. ఆస్తమా, షుగర్ ఉంటే అదీ చెప్పండి. ఎందుకో కింద వస్తుంది.

ఇంకొక పని, పైసా ఖర్చులేనిది. ఇంజెక్షన్‌కి ముందురోజు మీ మనిషి మామూలుగా కూర్చుని టీవీ చూస్తున్నప్పుడు, అడిగి, ఒక నిమిషం వీడియో తీసి పెట్టుకోండి. పది రోజుల తర్వాత "ఇతను ముందు నుంచీ ఇంతేనా?" అని డాక్టరు అడిగినప్పుడు మీ మాట కన్నా ఆ వీడియోకే విలువ.

2. ఇంజెక్షన్ రోజు

సూది వేసినచోట రుద్దకండి, కాపడం పెట్టకండి. పోయినసారి ఏ వైపు వేశారో రాసుకుని ఈసారి రెండో వైపు వేయమనండి. రెండు రోజులు నొప్పి ఉండటం మామూలే. ఎర్రగా వాచి, వేడిగా ఉండి, జ్వరం వస్తే చూపించాలి.

వేసింది ఒలాంజపిన్ పామోయేట్ అయితే మూడు గంటలు ఆసుపత్రిలోనే ఉండాలి. బస్సుకి టైమవుతోందని లేచి రాకూడదు. అరుదుగా ఆ మందు ఒక్కసారిగా రక్తంలోకి వెళ్ళి మనిషి మత్తులోకి జారిపోవడం, మాట తడబడటం, అయోమయం కావడం జరుగుతుంది. ఆ రోజు బండి నడపనివ్వకండి.

3. మొదటి వారం: మెడ, కళ్ళు, నాలుక

మొదటి గంటల నుంచి నాలుగైదు రోజుల లోపు రాగలిగింది డిస్టోనియా. మెడ ఒక పక్కకి లాక్కుపోతుంది, కనుగుడ్లు పైకి నిలబడిపోతాయి, దవడ బిగుసుకుంటుంది, నాలుక బయటికి తోసుకొస్తుంది. కుర్రవాళ్ళలో ఎక్కువ. చూసినవాళ్ళకి గుండె ఆగినంత పనవుతుంది. మా వీధిలో ఒకాయనకి ఇలా అయితే గాలి సోకిందని తాయెత్తు కట్టించి, తెల్లారాక ఆసుపత్రికి తెచ్చారు. ఒక్క సూదితో అరగంటలో మెడ తిరిగొచ్చింది. ఇది కనిపిస్తే తాయెత్తు వద్దు, తెల్లారేదాకా ఆగడమూ వద్దు, దగ్గరున్న క్యాజువాలిటీకి వెళ్ళండి. గొంతు పట్టేసి ఊపిరి కష్టమైతే 108కి ఫోన్ చేయండి.

4. మొదటి నెలన్నర: కాళ్ళని చూడండి

అసలు సంగతి ఇక్కడుంది.

అకతీసియా అంటే గ్రీకులో కూర్చోలేకపోవడం అని అర్థం. ఈ పేరు పెట్టింది 1901లో, ప్రాగ్‌లో ఉండే హాష్కోవెట్స్ అనే నరాల డాక్టరు. అప్పటికి ఈ మందులేవీ పుట్టలేదు, మొదటి మందు క్లోర్‌ప్రోమజీన్ వచ్చింది 1952లో. మందులొచ్చాక మాత్రం ఆ పేరు వీటికే అతుక్కుపోయింది. నన్నడిగితే మన సామెత ఇంకా సూటిగా చెబుతుంది: కాలు కాలిన పిల్లి. చిక్కేమిటంటే, ఆ మాటని మనం తిట్టడానికే వాడతాం. పిల్లి కాలు నిజంగా కాలిందని ఎవరూ అనుకోం.

బయటికి కనబడేది నడక. ఒకచోట నిలబడితే అడుగులేస్తున్నట్టు కాళ్ళు మార్చడం, కూర్చుంటే మోకాళ్ళు ఆడించడం, కాలు మీద కాలు వేయడం, తీయడం, పడుకున్నవాడు లేచి కూర్చోవడం. లోపల జరిగేది ఇంతకన్నా ఘోరం. మా వాడు తర్వాత చెప్పాడు: "ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టు కాదక్కా. చర్మం లోపల నేను ఇరుక్కుపోయినట్టు. నడిస్తే ఒక్క నిమిషం ఆగుతుంది. ఆగగానే మళ్ళీ." అందరూ ఇంత వివరంగా చెప్పలేరు. "టెన్షన్‌గా ఉంది", "ఏదోలా ఉంది", "గాభరాగా ఉంది" అంటారు. కొందరు ఏమీ అనరు, ఊరికే విసుక్కుంటారు, కొట్టబోతారు.

ఇంట్లో మీరు చేయగలిగిన పరీక్ష ఒకటుంది. డాక్టర్లు వాడే పద్ధతే ఇది. ఏదో మాట్లాడుతున్నట్టుగా రెండు నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టి కాళ్ళు చూడండి. తర్వాత వీధి గుమ్మం దగ్గర నిలబడి రెండు నిమిషాలు కబుర్లు చెబుతూ మళ్ళీ కాళ్ళే చూడండి. చివరగా అడగండి: "కాళ్ళు కదపకుండా కాసేపు ఉండమంటే ఉండగలవా? ఉంటే లోపల ఎలా అవుతుంది?" నిజంగా జబ్బు తిరగబెట్టినవాడికి తన నడక మీద ధ్యాస ఉండదు, ఏదో ఆలోచన వెంటో, వినబడే గొంతుల వెంటో పోతుంటాడు. అకతీసియా ఉన్నవాడికి ఆ నడకే బాధ. "నాకు తిరగాలని లేదు, తిరగకుండా ఉండలేకపోతున్నా" అంటాడు. ఇంజెక్షన్‌కి ముందు లేదు, తర్వాత కొన్ని రోజుల్లో మొదలైంది అంటే అనుమానం ఇంకా బలపడాలి. రెండూ ఒకేసారి ఉండొచ్చు కూడా, కాబట్టి తేల్చాల్సింది డాక్టరే. మీ పని ఆ అనుమానాన్ని డాక్టరు ముందు పెట్టడం.

డోసు పెంచినప్పుడు, మందు మార్చినప్పుడు ఈ లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుందని గుర్తుంచుకోండి. పాత ఇంజెక్షన్లు మూడు నాలుగు నెలలదాకా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. మొదటి ఇంజెక్షన్‌కి బాగున్నవాడికి మూడోదానికి రావచ్చు.

ఎవరూ చెప్పని ఇంకో విషయం. వాంతులయితే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర వేసే పెరినార్మ్, స్టెమెటిల్ లాంటి ఇంజెక్షన్లు కూడా మెడ లాగడం, కాళ్ళు నిలవనివ్వకపోవడం తెస్తాయి. నెల ఇంజెక్షన్ మీద ఉన్నవాడికి అవి తోడైతే పరిస్థితి రెండింతలవుతుంది. జ్వరమొచ్చి వెళ్ళినా సరే, ముందు సీసా ఫోటో చూపించండి.

5. అడగండి. నోరు తెరిచి అడగండి

అకతీసియాకి, చావాలన్న ఆలోచనకి సంబంధముందని వైద్యశాస్త్రానికి ఎప్పటి నుంచో తెలుసు. ఫ్లూఫినజిన్ డిపో (కండలో నిలవ ఉండి మెల్లగా మందు వదిలే ఇంజెక్షన్) తీసుకున్నాక తీవ్రమైన అకతీసియా వచ్చి ఆత్మహత్య చేసుకున్నవాళ్ళ గురించి 1983లోనే అమెరికాలో మనోవైద్యులు వైద్యపత్రికలో రాశారు. అమెరికా మనోవైద్యుల రోగనిర్ధారణ పుస్తకంలోనూ అకతీసియా ఆత్మహత్యాప్రయత్నాలకి దారితీయొచ్చన్న మాట ఉంది. అందరికీ అలా అవుతుందని కాదు, ఎక్కువమందికి కాదు. అయినా ఆ బాధ నుంచి తప్పించుకోవడానికి వేరే దారి లేదనుకున్న మనిషి ఏం ఆలోచిస్తాడో మా గోడ పక్కన నిలబడ్డవాడు నాకు చెప్పాడు. మూడు రోజులుగా నిద్రలేనివాడు, ఈ బాధకి పేరుందని, మందుందని తెలియనివాడు, జబ్బే ఇంత అనుకుని జీవితాంతం ఇంతే అనుకుంటాడు.

అది కాకుండా వేరే కారణాలూ ఉంటాయి. భ్రమలు తగ్గి తెలివొచ్చాక "నా చదువు పోయింది, పెళ్ళి కాదు" అన్న దిగులు వస్తుంది. చచ్చిపొమ్మని చెప్పే గొంతులు వినబడొచ్చు. తాగుడు తోడవ్వొచ్చు. ఇంతకుముందు ఒకసారి ప్రయత్నించినవాళ్ళయితే రెండింతలు జాగ్రత్త.

"అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుంది" అని మా పెద్దమ్మ అంది. కాదు. అడిగితే ఆలోచన పుట్టదు. ఎవరూ అడగకపోతే లోపలే ముదురుతుంది. అడిగే తీరు ముఖ్యం. నలుగురి ముందు వద్దు. కన్నీళ్ళతో వద్దు, "పిచ్చి ఆలోచనలేం లేవు కదా?" అని వద్దు, అలా అడిగితే లేవనే అంటారు. పక్కన నడుస్తూ అడగండి, కూర్చోమనకుండా. నేను అడిగే మాటలివి: "ఈ బాధ పడలేక చచ్చిపోదామనిపిస్తోందా చిన్నా?" అవునంటే, "ఎలా చేయాలి, ఎప్పుడు చేయాలి అని కూడా అనుకున్నావా?" రెండోదానికి అవునంటే అది ఇవాళ్టి పని. రేపటికి వాయిదా వేసేది కాదు.

"అమ్మా నాన్నా ఏమైపోతారో ఆలోచించావా" అనకండి. పక్కింటి అబ్బాయితో పోల్చకండి. "ఇది నీ తప్పు కాదు, నీ జబ్బు కూడా కాదు. ఇంజెక్షన్ వల్ల వచ్చింది అయ్యుండొచ్చు. దీనికి మందుంది. ఇప్పుడే వెళ్దాం." మా వాడికి ఆ "మందుంది" అన్న మాటే ఊపిరి. డాక్టరుగారు ఆ మాటన్నప్పుడు, నడుస్తూనే, ఏడ్చేశాడు.

అనకుండానే తెలిసేవీ ఉంటాయి. ఫోన్ పాస్‌వర్డు చెప్పడం, బాకీలు తీర్చడం, బట్టలూ వస్తువులూ పంచిపెట్టడం, వారం రోజుల గాభరా తర్వాత కారణం లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా అయిపోవడం.

6. అవునన్నాడు. ఇప్పుడేం చేయాలి?

ఒంటరిగా వదలకండి. కాపలా అనిపించకుండా పక్కన ఉండండి, బాత్రూం గడియ వేయకుండా ఉండమని మర్యాదగానే చెప్పండి. ఇద్దరుంటే వంతులు వేసుకోండి, ఒక్కరే మూడు రాత్రులు మేలుకుంటే నాలుగో రాత్రి నిద్ర ఆగదు.

ఇంట్లో ప్రమాదమైనవి దూరం చేయండి. మాది మిర్చి వేసే ఇల్లు. ఆ సాయంత్రమే పురుగుమందు డబ్బాలన్నీ మా బాబాయి వాళ్ళ ఊరికి పంపేశాం. పక్క గదిలో తాళం వేసి పెడితే చాలదా అని నాన్న గొణిగాడు. చాలదు, తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు. మాత్రలన్నీ, తాతగారి బీపీ మాత్రలతో సహా, ఒకరి దగ్గరే ఉంచి పూటకి పూట చేతికివ్వండి.

మీ డాక్టరుకి ఫోన్ చేయండి. దొరక్కపోతే మానసిక సమస్యలకి ఫోన్లో సాయం చేసే టెలీ మానస్ నంబరు 14416, లేదా 1800-891-4416. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అమెరికాలో ఉండే మనవాళ్ళకయితే 988. ప్రాణాపాయం అనిపిస్తే 108కి చేసి ఏ పెద్దాసుపత్రి క్యాజువాలిటీకైనా వెళ్ళండి. మానసిక ఆసుపత్రే కావాలంటే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వాసుపత్రులు ఉన్నాయి. జిల్లా ఆసుపత్రుల్లో మానసిక విభాగం ఉందేమో ముందే కనుక్కుని నంబరు రాసి పెట్టుకోండి, అవసరం వచ్చినప్పుడు వెతికితే చేతులు వణుకుతాయి.

ఒకవేళ ఏదైనా చేసుకుంటే, పోలీసు కేసవుతుందని భయపడి ఇంట్లో దాచకండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) అని రాసుకుంటారు, దానికి కంగారుపడి వెనక్కి రావద్దు. ఏం మింగాడో తెలిస్తే దాచకుండా చెప్పండి, డబ్బా వెంట తీసుకెళ్ళండి.

7. డాక్టరు ముందు ఎలా చెప్పాలి

ఓపీలో మీకు దొరికేది అయిదు నిమిషాలు. మేం చేసిన తప్పు "మళ్ళీ మొదలైంది" అనే మాటతో మొదలుపెట్టడం. ఆ మాట వినగానే ఎదుటివాళ్ళకి జబ్బే కనబడుతుంది. ఇప్పుడు నేను ఒక చీటీ మీద రాసుకెళ్తాను:

"ఫలానా ఇంజెక్షన్, ఇన్ని మిల్లీగ్రాములు, ఫలానా తేదీన వేశారు. అయిదో రోజు నుంచి కాళ్ళు నిలవట్లేదు. నడిస్తే కాస్త తగ్గుతుంది. ఇన్ని రాత్రులు నిద్ర లేదు. బతకాలని లేదని రెండుసార్లు అన్నాడు. ఇది అకతీసియా ఏమో చూడండి సార్."

వీడియో చూపించండి. మీ మనిషిని కాసేపు ఒంటరిగా డాక్టరుతో మాట్లాడనివ్వండి, మన ముందు చెప్పనివి చాలా ఉంటాయి. చావు మాట చెబితే అడ్మిట్ చేస్తారేమో అంటే, చేస్తే చేయనివ్వండి. అవసరం ఉంటేనే చేస్తారు.

అకతీసియా అని తేలితే సాధారణంగా డాక్టర్లు చేసేవి తెలుసుకుని ఉంటే మీకు ధైర్యంగా ఉంటుంది. తర్వాతి డోసు తగ్గిస్తారు, లేదా వెనక్కి జరుపుతారు, లేదా మందే మారుస్తారు. ఒంట్లో ఉన్న మందు దిగేదాకా ప్రొప్రనొలాల్ ఇస్తారు. ఆస్తమా ఉన్నవాళ్ళకి అది పడదు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళలో షుగర్ పడిపోతున్న గుర్తుల్ని దాచేస్తుంది. అందుకే ముందే చెప్పమన్నాను. మిర్టాజపిన్, కొన్నాళ్ళకి మాత్రం క్లోనజెపామ్ కూడా వాడతారు. మన దగ్గర నెల ఇంజెక్షన్‌తో పాటు అలవాటుగా రాసే పాసిటేన్ వణుకుకి, బిగుసుకుపోవడానికి బాగా పనిచేస్తుంది గానీ అకతీసియాకి అంతగా కాదు. "పాసిటేన్ వేస్తున్నాం కదా, ఇంకా ఎందుకు" అనుకుని ఊరుకోకండి. ఇవేవీ మందుల షాపులో అడిగి మీరే కొనేవి కావు, ముఖ్యంగా క్లోనజెపామ్.

డోసు పెంచుతామంటే గొడవపడక్కర్లేదు. "ఇది జబ్బు వల్లా, మందు వల్లా అని ఎలా తేల్చారు సార్?" అని నెమ్మదిగా అడగండి. ఆ ప్రశ్న అడిగే హక్కు మీకుంది, 2017 చట్టం ప్రకారమే, చికిత్స గురించి, దాని దుష్ఫలితాల గురించి తెలుసుకునే హక్కు రోగికి, అతను ఎంచుకున్న ప్రతినిధికి ఉంది. అయినా సమాధానం దొరక్కపోతే ఇంకో డాక్టర్ని చూడండి. మేమూ అదే చేశాం.

ఎన్ని మందులు మార్చినా చావు ఆలోచనలు వదలని స్కిజోఫ్రీనియా రోగుల విషయంలో క్లోజపిన్ గురించి అడగండి. ఆత్మహత్య ప్రమాదం తగ్గించే మందుగా అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2002లో ఆమోదించింది దాన్నే. అది మాత్ర, నెల ఇంజెక్షన్‌గా దొరకదు, తెల్లకణాల కోసం రక్తపరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి.

8. మిగతావి, క్లుప్తంగా

తీవ్రమైన జ్వరం, ఒళ్ళు కర్రలా బిగుసుకుపోవడం, చెమటలు, అయోమయం కలిసి వస్తే అది వైరల్ జ్వరం అనుకుని పారాసిటమాల్ ఇచ్చి పడుకోబెట్టకండి. న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అనే అరుదైన ప్రమాదం కావచ్చు, గంటల్లో ఆసుపత్రికి చేరాలి. సీసా ఫోటో అక్కడ చాలా అవసరం.

చేతులు వణకడం, ముఖంలో కళ తగ్గి బొమ్మలా అయిపోవడం, చొంగ కారడం వారాల్లో వస్తాయి, మందుతో తగ్గుతాయి. నెలలూ ఏళ్ళూ గడిచాక పెదాలు, నాలుక, దవడ వాటంతట అవే కదులుతుంటే టార్డివ్ డిస్కినీసియా, ఎంత త్వరగా చూపిస్తే అంత మంచిది. రిస్పెరిడోన్, పాలిపెరిడోన్‌తో ఆడవాళ్ళకి నెలసరి ఆగిపోవచ్చు, పాలు రావచ్చు. మగవాళ్ళకి లైంగిక ఇబ్బందులు వస్తాయి, సిగ్గుతో చెప్పక ఇంజెక్షనే ఎగ్గొడతారు. పెళ్ళయిన వాళ్ళని డాక్టరు అడగకపోతే మీరే ఎవరైనా మగవాళ్ళ చేత అడిగించండి. బరువు, షుగర్, బీపీ మూడు నెలలకోసారి చూపించండి.

9. రాసి పెట్టండి, రిపోర్ట్ చేయండి

మందు వల్ల వచ్చిన దుష్ఫలితాన్ని రోగి కుటుంబం కూడా నేరుగా ప్రభుత్వానికి తెలియజేయొచ్చు. దానికి ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా ఉంది, 2010 నుంచి నడుస్తోంది. ఉచిత నంబరు 1800-180-3024, పనివేళల్లో ఎత్తుతారు. ఫారం తెలుగులో కూడా దొరుకుతుంది. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు, ఏ మందుతో ఎందరికి ఏమవుతోందో లెక్క తేలడానికి.

మీ మనిషి బాగున్న రోజుల్లోనే కూర్చోబెట్టి, "నాకు ఈ ఇంజెక్షన్ పడలేదు, ఇంకోటి వేయండి" లాంటివి ముందస్తు నిర్దేశంగా రాయించే వీలు కూడా 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఉంది. మా వాడు తనకి పడని మందు పేరు పెద్దక్షరాలతో రాసి పర్సులో పెట్టుకున్నాడు, ఆధార్ కార్డు వెనక. క్యాజువాలిటీలో కొత్త డాక్టరు ఉంటే అదే ముందు తీసి చూపిస్తాడు.

మా నోట్‌బుక్కులో పేజీకి అయిదే గీతలుంటాయి: తేదీ, మందు, ఎడమా కుడా, నిద్ర ఎన్ని గంటలు, కాళ్ళు. "కాళ్ళు" అన్న గడి తమ్ముడే నింపుతాడు, పదికి ఎంత అని. పోయిన నెల ఎనిమిదో రోజున మూడు వేశాడు. ఆ సాయంత్రమే డాక్టరుగారికి ఫోన్ చేశాం. అమ్మ ఇప్పుడు పిల్లి మాట ఎత్తదు. వాడు లేచి తిరుగుతుంటే, "కాళ్ళు ఎంతరా ఇవాళ?" అంటుంది.